రాష్ట్రపతి చెయ్యి కదలని రోజున: మన పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి, చిత్తూరు లోక్‌సభ సభ్యులకు, రాయలసీమ నుంచి రాజ్యసభకు వెళ్ళిన పెద్దలకు నమస్కారం.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఇరవై ఏళ్ళ పైనే అయింది. ఏటా ఒక పాఠం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కాస్త తడబడుతుంది. అది రాజ్యాంగం 65వ అధికరణలోని రెండో క్లాజు. రాష్ట్రపతి అందుబాటులో లేకపోయినా, జబ్బుపడినా, ఇంకే కారణం వల్లనైనా విధులు నిర్వర్తించలేకపోతే, మళ్ళీ బాధ్యతలు తీసుకునేదాకా ఉపరాష్ట్రపతి ఆ విధులు చూడాలి. అంతే, ఒక్క వాక్యం. అయితే నిర్వర్తించలేకపోతున్నారని చెప్పాల్సింది ఎవరు? ఆ మాట అందులో లేదు. ముందు వెనకా వెతికినా లేదు. అది రాసే చట్టం తెమ్మని అడగడానికే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది ఇప్పటి రాష్ట్రపతి గారి ఆరోగ్యం గురించి కాదు. ఆమె నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి. అందరూ బాగున్న రోజునే ఈ సంగతి మాట్లాడుకోవాలి. మనిషి మంచం పట్టాక నోరు తెరిస్తే ప్రతి మాటకూ ఒక ఉద్దేశం అంటగడతారు. ఆ సంగతి పుస్తకాల్లో చదవకముందే నాకు మా ఊళ్ళో తెలిసింది.

మా వైపు పల్లెల్లో సర్పంచిని ఇప్పటికీ ప్రెసిడెంటు అనే అంటారు. మాది పుత్తూరు వైపు. మా మేనమామ ఊరికి ప్రెసిడెంటు. 1997 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే మామిడితోటకు నీళ్ళు కట్టడానికి పోయి గట్టు మీదే కూలబడ్డాడు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట పడిపోయింది. తిరుపతికి తీసుకొచ్చి, అక్కడ వారం ఉంచి, తర్వాత వేలూరుకు తీసుకెళ్ళారు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. రాత్రిళ్ళు అత్త, పగలు నేను మంచం పక్కన ఉండేవాళ్ళం.

ఆయన పడిపోయి పది రోజులు కాకముందే ఊళ్ళో తాగునీళ్ళ బోరు మోటరు కాలిపోయింది. వైండింగ్ చేయించడానికి డబ్బు పంచాయతీ ఖాతాలోనే ఉంది. చెక్కు మీద సంతకం పెట్టాల్సింది మామ. ప్రెసిడెంటు చెయ్యలేనప్పుడు ఆ పని ఉపసర్పంచికి వస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. అయితే ప్రెసిడెంటు చెయ్యలేడని కాగితం మీద ఎవరు రాయాలి? ఉపసర్పంచి మామకు ఎదుటి పార్టీ మనిషి. ఆయన నోరు తెరిస్తే, 'మనిషి ప్రాణంతో కొట్టుకుంటా ఉంటే నీకు కుర్చీ కావాల్సి వచ్చిందా' అని తిట్టారు. డాక్టర్లను అడిగితే, 'ఇప్పుడే ఏమీ చెప్పలేం, నెల చూద్దాం' అన్నారు. మా అత్తయితే వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట: 'రేపో మాపో లేచి కూర్చుంటాడు. ఎవురికీ ఏమీ రాసిచ్చే పని లేదు.' ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగా అలాగే నమ్మింది.

ఒక సాయంత్రం ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. సంచిలో చెక్కుబుక్కు, చిన్న రేకు డబ్బాలో స్టాంపు ప్యాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నీళ్ళు లేక విసిగిపోయి వచ్చారు. ముందు మామ చేతిలో పెన్ను పెట్టి చూశారు. అత్త ఆయన వేళ్ళను తన చేత్తో మూసి పట్టుకుంది. వదిలిన మరుక్షణం పెన్ను జారి దుప్పటి మీద పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ జారింది. అప్పుడు రేకు డబ్బా మూత తీశారు. బొటనవేలు ప్యాడు మీద ఒత్తేసరికి మామ తల తిప్పి నా వైపు చూశాడు. ఆయనకు అంతా తెలుస్తోంది. పాత ఎస్సెస్సెల్సీ దాకా చదివి, ముప్పై ఏళ్ళుగా గుండ్రటి అక్షరాలతో సంతకం చేసిన మనిషి. ఎడమ చెయ్యి లేపి వద్దన్నట్టు గాల్లో ఆడించాడు. ఇంతలో నర్సు వచ్చి కోప్పడి వాళ్ళను బయటికి పంపింది. అత్త ఆ రాత్రి తడిపిన కొంగుతో ఆయన బొటనవేలికి అంటిన ఊదారంగును తుడుస్తూనే ఉంది. అది రెండు రోజుల దాకా పోలేదు.

పై ఆఫీసు నుంచి ఉపసర్పంచికి కాగితం రావడానికి నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ మా ఊరి ఆడవాళ్ళు మైలు దూరం నడిచి పక్క ఊరి వ్యవసాయ బోరు దగ్గర బిందెలు నింపుకున్నారు.

పల్లె పంచాయతీని, రాష్ట్రపతి భవన్‌ను ఒకే గాటన కట్టేస్తున్నానని అనుకోకండి. కానీ రాష్ట్రపతి ఎలా రాజీనామా చెయ్యాలో 56వ అధికరణలో చదవండి. స్వయంగా తన చేత్తో సంతకం చేసిన లేఖను ఉపరాష్ట్రపతికి ఇవ్వాలి. చెయ్యి కదలని మనిషి రాజీనామా కూడా ఇవ్వలేడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా దుప్పటి మీద జారిన పెన్ను కళ్ళ ముందు కదులుతుంది.

పోనీ పార్లమెంటు తొలగించవచ్చా? 61వ అధికరణ ప్రకారం అభిశంసన రాజ్యాంగాన్ని ఉల్లంఘించినందుకు మాత్రమే. 14 రోజుల నోటీసు, సభలో నాలుగో వంతు సభ్యుల సంతకాలు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఓట్లు, రెండో సభలో విచారణ, అక్కడా అదే మెజారిటీ. ఇదంతా తప్పు చేసినవారికి. జబ్బు తప్పు కాదు కదా. స్పృహలేని రాష్ట్రపతిని ఆ దారిలో పంపడం చట్టం ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోదు.

ఇంకొకటి ఉంది. రాష్ట్రపతి చనిపోయినా, రాజీనామా చేసినా ఆరు నెలల్లో ఎన్నిక జరపాలని 62వ అధికరణ చెబుతోంది. మంచం పడితే మాత్రం గడువు లేదు. పదవికి వచ్చిన రెండో నెలలోనే రాష్ట్రపతి కోమాలోకి వెళ్తే, మిగిలిన నాలుగేళ్ళ పది నెలలూ ఉపరాష్ట్రపతే విధులు చూడొచ్చు, కుర్చీ మాత్రం ఖాళీ అయినట్టు కాదు. పిల్లలు ఇక్కడ తికమకపడతారు, కాబట్టి విడమరచి చెబుతాను. కుర్చీ ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి 'రాష్ట్రపతిగా వ్యవహరిస్తారు'. కుర్చీలో మనిషి ఉండి పని చెయ్యలేకపోతే 'రాష్ట్రపతి విధులు నిర్వర్తిస్తారు'. రెండు సందర్భాల్లోనూ అధికారాలు అవే, జీతభత్యాలు అవే. ఆ కాలంలో రాజ్యసభ ఛైర్మన్‌గా మాత్రం పనిచెయ్యకూడదు. మొదటిది ఎప్పుడు మొదలయిందో మరణవార్తే చెబుతుంది. రెండోది మొదలయిందని చెప్పే గొంతు ఏదీ లేదు.

ఇప్పటిదాకా ఎలా గడిచిందంటారా? మంచి మనుషులతో గడిచింది. 1961లో బాబూ రాజేంద్రప్రసాద్‌కు జబ్బు తిరగబెట్టి జులై నుంచి డిసెంబరు దాకా మంచంలో ఉన్నారు. ఆ నెలల్లో రాష్ట్రపతి విధులు చూసింది ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణిలో పుట్టి, చిన్నప్పుడు మన తిరుపతిలోనే లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నాయన. అప్పుడు లోక్‌సభ స్పీకరు ఎవరో తెలుసు కదా? తిరుచానూరులో పుట్టి, రాజ్యాంగ సభలో కూర్చుని, మీరిప్పుడు గెలిచిన ఈ రెండు ఊళ్ళ నుంచే లోక్‌సభకు వెళ్ళిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. జబ్బుపడిన రాష్ట్రపతి పని మన తిరుపతి బడిలో చదివినాయన చూస్తుంటే, సభ మన తిరుచానూరు ఆయన చేతిలో ఉంది. ఈ అడుగు మీరు వెయ్యాలని నేను అడగడానికి ఇదీ ఒక కారణం. ఆ రోజు ఎవరూ కుర్చీ లాక్కోలేదు, ఎవరూ పట్టుకుని వేలాడలేదు. అదృష్టవంతులం.

1982 అక్టోబరులో రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్తే ఉపరాష్ట్రపతి హిదయతుల్లా ఆ నెల విధులు చూశారు. అప్పుడూ సాఫీగానే జరిగింది. ముందే అనుకుని వెళ్ళే ఆపరేషన్‌కు, మనిషి స్పృహలో ఉన్నప్పుడు, చిక్కేమీ రాదు. అనుకోకుండా గట్టు మీద కూలబడినప్పుడే వస్తుంది చిక్కంతా.

'రాష్ట్రపతి రబ్బరు స్టాంపే కదా, నాలుగు నెలలు ఎవరుంటే ఏమైంది' అని స్టాఫ్ రూములో కూడా అంటారు. దానికి నేను 1969 సంవత్సరం చూపిస్తాను. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి రాష్ట్రపతిగా వ్యవహరించారు. ఆయన ఎన్నికలో నిలబడటానికి తప్పుకుంటే ఆ తర్వాత ఎవరు? అప్పటిదాకా జవాబు లేదు. ఆ మే నెలలోనే పార్లమెంటు హడావిడిగా ఒక చట్టం చేసింది: ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయనా లేకపోతే అందుబాటులో ఉన్న అందరికన్నా సీనియర్ న్యాయమూర్తి. జులై 20న గిరి తప్పుకున్నారు, ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆగస్టు 24 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. పదమూడేళ్ళ తర్వాత ఉపరాష్ట్రపతి హోదాలో జైల్ సింగ్ విధులు చూసింది కూడా ఆయనే. గిరి తప్పుకునే ముందు రోజు, జులై 19న, 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టారు. ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన చట్టానికి ఆగస్టు 9న ఆమోదం తెలిపింది హిదయతుల్లా. రైతు ఇంటి నుంచి పల్లె బడి దాకా అందరి బతుకునూ తాకిన ఆ నిర్ణయం మీద రెండు సంతకాలున్నాయి. రెండూ తాత్కాలికంగా ఆ కుర్చీలో ఉన్నవారివే. ఆ రోజుల్లో ఆ సంతకం చెల్లుతుందా లేదా అన్న అనుమానం వచ్చి ఉంటే దేశం ఎంత టెన్షన్ పడేదో ఊహించండి.

1977 కూడా తీసుకోండి. ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పోయారు. ఉపరాష్ట్రపతి బి.డి. జత్తి రాష్ట్రపతిగా వ్యవహరిస్తుండగా ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది, మొరార్జీ దేశాయ్ చేత ప్రమాణం చేయించింది జత్తే. ఏప్రిల్ నెలాఖరులో తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దు చెయ్యమని కొత్త మంత్రివర్గం సలహా ఇస్తే, వెంటనే సంతకం పెట్టకుండా ఆగారు. ఒక రోజంతా దేశం ఊపిరి బిగబట్టింది. ఏప్రిల్ 30న పెట్టారు. ఆ జులై 25న మన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు. రబ్బరు స్టాంపు ఆగదు, ఆలోచించదు. ఆగి ఆలోచించింది మనిషి. ఆ మనిషి ఎవరో, ఆలోచించే స్థితిలో ఉన్నారో లేదో దేశానికి తెలియాలి.

ఇక్కడ మా అత్త సంగతి మళ్ళీ ఎత్తాలి. ఆమెను నేను తప్పుపట్టలేను. అమెరికా చరిత్రలో ఆమెకు ఒక అక్క ఉంది అనిపిస్తుంది నాకు. 1919 అక్టోబరు 2న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. 1921 మార్చిలో పదవీకాలం ముగిసేదాకా ఆయన పూర్తిగా కోలుకోలేదు. భార్య ఎడిత్ గది తలుపు దగ్గర కాపలా ఉండి, ఏ కాగితం లోపలికి పోవాలో, ఏది పోకూడదో తానే చూసుకుంది. జబ్బు ఎంతటిదో జనానికి చెప్పలేదు. ఉపాధ్యక్షుడు థామస్ మార్షల్ ముందుకు రావడానికి జంకాడు. వస్తే కుర్చీ కోసం ఎదురుచూశాడనే నింద పడుతుంది. విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ పని ఆగిపోతోందని క్యాబినెట్‌ను పిలిచి కూర్చోబెడితే, 1920 ఫిబ్రవరిలో ఆయన పదవే పోయింది. చూశారా, మా ఊరికీ వాషింగ్టన్‌కూ తేడా ఏముంది? ప్రేమ ఉన్న మనిషి ఒప్పుకోదు. తర్వాతి వరసలో ఉన్నవాడు అడగలేడు. అడిగినవాడి మీద వేటు పడుతుంది.

అంతకుముందు 1881లోనూ ఇలాగే. జులై 2న జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగితే సెప్టెంబరు 19 దాకా బతికే ఉన్నాడు. ఆ రెండున్నర నెలలు దేశానికి అధ్యక్షుడు ఉన్నట్టా లేనట్టా తెలియలేదు. వాళ్ళకు బుద్ధి రావడానికి కెనెడీ హత్య కావాల్సి వచ్చింది. 1967 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన ఇరవై అయిదో సవరణలో వివరంగా రాసుకున్నారు. అధ్యక్షుడు తానే ఉత్తరం రాసి తాత్కాలికంగా తప్పుకోవచ్చు. 2021 నవంబరులో జో బైడెన్ పెద్దపేగు పరీక్షకు మత్తు తీసుకునే ముందు అలా రాస్తే కమలా హారిస్ గంటా ఇరవై అయిదు నిమిషాలు అధ్యక్ష అధికారాలు చూసి, ఆయన లేచాక తిరిగి ఇచ్చేశారు. రాయలేని స్థితిలో ఉంటే ఉపాధ్యక్షుడు, క్యాబినెట్‌లో మెజారిటీ కలిసి చెప్పాలి. అధ్యక్షుడు 'నేను బాగానే ఉన్నాను' అని ఎదురు చెబితే 21 రోజుల్లో పార్లమెంటు లాంటి వాళ్ళ కాంగ్రెస్ తేల్చాలి. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే ఆయన్ను పక్కన ఉంచగలరు, లేదంటే ఆయన కుర్చీ ఆయనదే. ఈ చివరి దారిని ఇప్పటిదాకా ఒక్కసారీ వాడలేదు. ఫ్రాన్సులో ప్రభుత్వం అడిగితే రాజ్యాంగ మండలి తేలుస్తుంది. ఎవరి దారి మేలన్నది తర్వాతి మాట. వాళ్ళకు ఒక దారి రాసి ఉంది.

అమెరికా దాకా ఎందుకు, మనకు మూడు గంటల బస్సు దూరంలో ఉన్న చెన్నై సంగతి చూడండి. 2016 సెప్టెంబరు 22న జయలలిత గారు ఆసుపత్రిలో చేరారు. డిసెంబరు 5న కన్నుమూశారు. ఆ 75 రోజులూ మన చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు టీకొట్లలో ఒకటే చర్చ, ఒకటే పుకార్లు. అక్టోబరు 11న ఆమె శాఖలను మంత్రి పన్నీర్‌సెల్వంకు అప్పగించారు. ముఖ్యమంత్రి సలహా మీదే అని గవర్నరు ప్రకటన. ఆ సలహా ఎప్పుడిచ్చారు, ఎలా ఇచ్చారు అని ప్రతిపక్షం అడిగింది. అదే సమయంలో ఉపఎన్నిక అభ్యర్థుల పార్టీ పత్రాల మీద ఆమె సంతకం బదులు వేలిముద్ర ఉంది. ఆ వేలిముద్ర మీద వ్యాజ్యం నడిచి 2019 మార్చిలో మద్రాసు హైకోర్టు తిరుప్పరంకుండ్రం ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటికి గెలిచిన అభ్యర్థి కూడా చనిపోయారు. పేపరులో ఆ వార్త చదివిన రోజు నేను అత్తకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో ఆమెకు చెప్పలేదు.

తెలుగువాళ్ళకు 1984 గుర్తు చెయ్యక్కర్లేదు. ఎన్టీ రామారావు గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్ళారు. తిరిగొచ్చాక ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన్ను దించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. అప్పటికి రామారావు మా తిరుపతి ఎమ్మెల్యే కూడా. నెల రోజులు జనం రోడ్ల మీదే ఉన్నారు. సెప్టెంబరు 16న మళ్ళీ ఆయన కుర్చీ ఆయనకు దక్కింది. నాకప్పుడు ఏడేళ్ళు, మా నాన్న రేడియోకు చెవి ఆనించి కూర్చోవడం గుర్తుంది. నాయకుడు ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు బయట తలకాయలు లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అందుకే అధికారం ఎవరికి పోవాలో రాసినంత మాత్రాన చాలదు. వెనక్కి ఎలా రావాలో కూడా రాయాలి.

మామకు ఆ 'వెనక్కి రావడం' దక్కలేదు. నాలుగు నెలలకు సగం సగం మాట వచ్చింది. వచ్చిన మొదటి ప్రశ్న, 'నీళ్ళొస్తా ఉండాయా?' ఎడమ చేత్తో సంతకం నేర్చుకున్నాడు. నా పాత నోటుబుక్కు తీసుకుని రోజుకు రెండు పేజీలు రాసేవాడు. అయిదో నెలలో బ్యాంకుకు పోతే నమూనా సంతకంతో కలవలేదన్నారు. బాగైనట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది ఎవరిస్తే చెల్లుతుందో ఎవరికీ తెలియలేదు. ఒక ఆఫీసు డాక్టరును అడగమంది, డాక్టరు ఆఫీసునే అడగమన్నాడు. ఆయన తిరిగి ఆ కుర్చీలో కూర్చోకుండానే పదవీకాలం అయిపోయింది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొదటి పేజీల్లో వంకర గీతలు. చివరి పేజీల్లో చక్కటి సంతకం.

ఇక మిమ్మల్ని అడిగేది. రాజ్యాంగంలో ఊహించని పరిస్థితుల్లో రాష్ట్రపతి విధుల కోసం చట్టం చేసే అధికారాన్ని 70వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. 1969 చట్టం అలా వచ్చిందే. దాన్నే పెంచండి. రాజ్యాంగ సవరణ లేకుండా కుదరదని నా లాయరు మిత్రులు కొందరంటారు. మంచం పట్టిన రాష్ట్రపతిని శాశ్వతంగా దించాలంటే సవరణ కావాలి, ఒప్పుకుంటాను. దాని జోలికి ఇప్పుడు పోవద్దు. విధులు నిర్వర్తించలేకపోతున్నారని ఎవరు, ఎలా తేల్చాలో చెప్పడానికి మాత్రం మామూలు చట్టం చాలునని నా నమ్మకం.

రాష్ట్రపతి స్పృహలో ఉంటే సంగతి తేలికే. ఆపరేషన్‌కు ముందు ఉపరాష్ట్రపతికి ఒక ఉత్తరం, కోలుకున్నాక ఇంకో ఉత్తరం, రెండూ గెజిట్‌లో అచ్చు కావాలి. స్పృహలో లేకపోతే డాక్టర్ల బృందం చెప్పాలి. ఆ బృందాన్ని జబ్బు వచ్చాక వెతకకూడదు. కొత్త రాష్ట్రపతి ప్రమాణం చేసిన నెలలోనే, మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, రాష్ట్రపతి గారికి కూడా సమ్మతమైన పేర్లతో వెయ్యాలి. వాళ్ళు జబ్బు వివరాలు బయటపెట్టనక్కర్లేదు. జబ్బు మనిషి పరువు మనిషిదే. పని చెయ్యగలరా లేరా అన్న ఒక్క మాట రాసిస్తే చాలు.

ఆ మాటను తేల్చే అధికారం కేంద్ర మంత్రివర్గానికి ఇవ్వకండి. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే. మంత్రివర్గం సలహాను ఒకసారి పునరాలోచనకు తిప్పి పంపే హక్కు 74వ అధికరణ రాష్ట్రపతికి ఇచ్చింది. వివరాలు అడిగే హక్కు 78వ అధికరణలో ఉంది. సంతకం కావాల్సినవాళ్ళే సంతకం పెట్టే మనిషి బాగున్నాడో లేదో చెప్పకూడదు. ఉపరాష్ట్రపతి ఒక్కరే తేల్చడమూ వద్దు, ఆ నింద ఆయన మోయనక్కర్లేదు. రాష్ట్రపతి ఎన్నిక మీద తగాదా వస్తే తేల్చే పని 71వ అధికరణ ఎలాగూ సుప్రీంకోర్టుకే అప్పగించింది. డాక్టర్ల అభిప్రాయం అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు పోవాలి. వరసలో తర్వాతి వ్యక్తి కాబట్టి ప్రధాన న్యాయమూర్తి అందులో ఉండకూడదు. వాళ్ళు రోజుల్లో తేల్చి లోక్‌సభ స్పీకరుకూ రాజ్యసభ డిప్యూటీ ఛైర్మన్‌కూ తెలపాలి. రాష్ట్రపతి 'బాగయ్యాను' అని రాసిన రోజున అనుమానం ఉంటే రాష్ట్రపతి వైపే మొగ్గాలి. కాదనేవాళ్ళే రుజువు చేసుకోవాలి. ఎడమ చేతి సంతకమైనా చెల్లాలి.

ఇదంతా ఎప్పుడో వచ్చే ముప్పు అనుకోకండి. 2025 జులై 21న ఉపరాష్ట్రపతి ఆరోగ్య కారణాలు చూపి రాజీనామా చేశారు. కొత్త ఉపరాష్ట్రపతి ప్రమాణం చేసింది సెప్టెంబరు 12న. ఆ 53 రోజులూ రాష్ట్రపతి తర్వాతి కుర్చీ ఖాళీ. మనల్ని ఆదుకోవడానికి ఉన్నది ఆ 1969 చట్టం ఒక్కటే. ఉపరాష్ట్రపతి రాజీనామా ఇవ్వాల్సింది రాష్ట్రపతికి, రాష్ట్రపతి ఇవ్వాల్సింది ఉపరాష్ట్రపతికి. ఇద్దరూ ఒకేసారి ఆసుపత్రిలో ఉంటే ఎవరి కాగితం ఎవరు తీసుకోవాలో నా విద్యార్థిని ఒకమ్మాయి ఆ ఆగస్టులో అడిగింది. నల్లబల్ల వైపు తిరిగి కాసేపు నిలబడ్డాను.

రాష్ట్రపతి గారు శ్రీవారి దర్శనానికి వచ్చినప్పుడల్లా రేణిగుంట నుంచి అలిపిరి దాకా రోడ్లు ఆపేస్తారు. ఎండలో గంటసేపు నిలబడినా మా జనం విసుక్కోరు, పిల్లల్ని భుజాలకెత్తుకుని కాన్వాయ్ చూపిస్తారు. కారు అద్దం వెనక ఊగే చెయ్యి దేశపు చెయ్యి అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్ళ తరఫున అడుగుతున్నాను.

లోక్‌సభలో వారం తప్పించి వారం, శుక్రవారం సభ చివరి రెండున్నర గంటలు, మంత్రులు కాని సభ్యులు తెచ్చే ప్రైవేటు మెంబర్ బిల్లులకు ఉన్నాయి. నెల రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. మీలో ఒకరు ఇవ్వండి, వేరే పార్టీ వారైనా ఇంకొకరు తోడు నిలవండి. పాసవుతుందని నేను ఆశపడటం లేదు, ప్రైవేటు బిల్లుల గతి పాఠం చెప్పే నాకు తెలుసు. సభలో ఒక మంత్రి లేచి దీనికి జవాబు చెప్పాల్సి వస్తే ఆ జవాబు రికార్డులో ఉంటుంది. రేపటివాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడతారు.

ముసాయిదా నేనూ, మా డిపార్టుమెంటు పిల్లలూ కలిసి తెలుగులో నాలుగు పేజీలు రాసి పెట్టుకున్నాం. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ, మీరు ఊళ్ళో ఉండే ఏ ఆదివారమైనా సరే, రమ్మన్న టైముకు తెచ్చి ఇస్తాం. పావుగంట చాలు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక పొలిటికల్ సైన్స్ అధ్యాపకురాలు